పిల్లలతో మ్యూజియంకి వెళ్తున్నారా? చరిత్రతో పాటు సివిక్స్ కూడా అక్కడే నేర్పొచ్చు

సోషల్ పుస్తకంలో శాతవాహనులు ఒక పాఠం, ప్రభుత్వం ఎలా నడుస్తుందనేది ఇంకో పాఠం, రెండిటికీ సంబంధం ఉందని పిల్లలకి ఎవరూ చెప్పరు, బట్టీ పట్టి పరీక్ష రాసేసి మర్చిపోతారు. మ్యూజియంలో ఈ రెండూ ఒకే రాయి మీద కనిపిస్తాయండీ. కాకపోతే మనం వెళ్లే తీరే వేరు, టికెట్ తీసుకుని గ్యాలరీలన్నీ గబగబా చుట్టేసి నాలుగు ఫోటోలు దిగి వచ్చేస్తాం, ఏం చూశావురా అంటే పిల్లాడు కత్తులు అంటాడు.

అందుకే అన్నీ చూపించాలన్న ఆశ వదిలేయండి. వెళ్లేముందే రెండో మూడో వస్తువులు ఎంచుకోండి. ప్రతి దాని ముందూ మూడే ప్రశ్నలు అడగాలి: దీనికి డబ్బులు ఎవరిచ్చారు? చేసిందెవరు? ఇప్పుడిది ఎవరిది? మూడో ప్రశ్న చాలామంది అడగరు, నా లెక్కలో సివిక్స్ మొదలయ్యేది అక్కడే.

మొదట అమరావతి వెళ్లండి. అక్కడి బౌద్ధ స్తూపం పక్కనే ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) వాళ్ల మ్యూజియం ఉంది, చిన్నదే, పిల్లలు అలిసిపోరు. శుక్రవారం సెలవు, అది గుర్తుపెట్టుకోండి. ఇంత పెద్ద స్తూపం రాజుగారే కట్టించి ఉంటారని పిల్లలు అనుకుంటారు కదా, కానీ ఇక్కడి శాసనాలు చూస్తే వ్యాపారులు, గృహస్థులు, భిక్షుణులు (బౌద్ధ సన్యాసినులు), మామూలు ఇళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో రాయి, ఒక్కో స్తంభం ఇచ్చినట్టు పేర్లతో సహా రాసుంది. నాకు బాగా ఇష్టమైంది విధికుడు అనే ఆయన శాసనం. ఆయన తోలు పని చేసేవాడు, శాసనంలో చమ్మకార అనే ఉంటుంది. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు అందరినీ కలుపుకుని ఒక పూర్ణఘటం (నిండు కుండ బొమ్మ) చెక్కిన రాతి పలక దానం చేశాడు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఒక చెప్పులు కుట్టే కులవృత్తి మనిషి తన ఇంటివాళ్లందరి తరఫునా ఊరి పెద్ద కట్టడంలో భాగం తీసుకున్నాడు, పేరు చెక్కించుకున్నాడు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కాగితం ఏదైనా తీసి పిల్లల చేతికివ్వండి, 2018లో ఖరారైన రాజముద్ర మధ్యలో ఉన్నది ఆ పూర్ణఘటమే, అమరావతి శిల్పాల నుంచి తీసుకున్నదే. ఇంట్లో ఆధార్ కాగితాలతో పాటు ఏదో ఒక సర్టిఫికెట్ ఉంటుంది కాబట్టి అది వెంట తీసుకెళ్లండి, ముద్రనీ రాయినీ పక్కపక్కన చూస్తే పిల్లలే మాట్లాడటం మొదలుపెడతారు.

ఇంకో పని. శాసనం ఉన్న రాయి దొరికితే పిల్లలకి "దానం" అనే మాట వెతకమని చెప్పండి. ఆ శాసనాల పాత లిపి బ్రాహ్మీలో న అంటే కింద ఒక అడ్డగీత, దాని మధ్యలోంచి పైకి ఒక నిలువుగీత, అంతే, ఐదో క్లాసు పిల్లలు కూడా పట్టేస్తారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఇంగ్లీషు పండితుడు బ్రాహ్మీ లిపి చదవగలిగింది కూడా సాంచీ శాసనాల చివర ఈ దానం అనే మాట పదేపదే రావడం గమనించే. ఇంట్లోనే బ్రాహ్మీ అక్షరాల చార్ట్ ఒకటి ప్రింట్ తీసుకుని వెళ్తే సరిపోతుంది.

పిల్లలు కొంచెం పెద్దవాళ్లైతే నాగార్జునకొండ, సాగర్ నీళ్ల మధ్య దీవి మీదున్న మ్యూజియం. విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లాలి, గాలి ఎక్కువున్నా నీళ్లు సరిగ్గా లేకపోయినా లాంచీ తిప్పరు, బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. 1955లో నెహ్రూగారు నాగార్జున సాగర్ డ్యాంకి శంకుస్థాపన చేశారు, లోయంతా మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాలని కొండ మీదకీ దగ్గర్లోని అనుపు అనే చోటికీ తరలించి మళ్లీ కట్టారు. అక్కడి మహాచైత్యానికి (పెద్ద స్తూపానికి) స్తంభాలు ఇచ్చిన, ఇక్ష్వాకు వంశపు రాజుగారి సోదరి చాంతిసిరి గురించి తప్పకుండా చెప్పండి, ఆడపిల్లలకి ముఖ్యంగా. తిరుగు లాంచీలో పిల్లల్ని మూడు జట్లు చేయండి, ఒకరు నీళ్ల కోసం ఎదురుచూసే రైతులు, ఒకరు ఊరు వదిలి వెళ్లాల్సిన వాళ్లు, ఒకరు తవ్వకాలు చేసేవాళ్లు, డ్యాం కట్టాలా వద్దా వాదించుకోమనండి. మీరు తీర్పు చెప్పొద్దు, పెద్దవాళ్లు తీర్పు చెప్పేస్తే పిల్లలు ఆలోచించడం ఆపేస్తారు.

హైదరాబాద్ వాళ్లకి సాలార్‌జంగ్ ఎలాగూ ఉంది, అక్కడా శుక్రవారమే సెలవు. గంట కొట్టే గడియారం, ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ చూడండి, చూడకుండా పిల్లలు ఊరుకోరు. కానీ మూడో ప్రశ్నకి ఇంతకంటే మంచి చోటు లేదు. ఈ వస్తువులన్నీ పోగుచేసిన మూడో సాలార్‌జంగ్, ఒకప్పటి నిజాం దివాను, పెళ్లి చేసుకోలేదు, 1949లో చనిపోయారు, 1951లో ఆయన భవనం దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు, తర్వాత 1961లో పార్లమెంట్ ప్రత్యేకంగా చట్టం చేసి జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. బోర్డుకి అధ్యక్షుడు గవర్నర్. అంటే ఒక నవాబు ఇంటి సామాను చట్టం ద్వారా మనందరిదీ అయింది, ఇది పుస్తకంలో పది పేజీలు చదివినా ఇంత బాగా ఎక్కదు.

స్కూల్ టీచర్లయితే లెటర్‌హెడ్ మీద ముందే రాసి, ఫలానా గ్యాలరీ ఎవరైనా వివరిస్తారా అని అడగండి, ఒక్కసారే వందమందిని తీసుకెళ్లకుండా చిన్న జట్లుగా వెళ్లండి. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, నవంబర్ 19 నుంచి వారసత్వ వారోత్సవం, ఆ రోజుల్లో మీ దగ్గర్లోని మ్యూజియంలో పోటీలు, ఉపన్యాసాలు ఏమైనా పెడుతున్నారేమో కనుక్కోండి.

వెళ్లలేని వాళ్లకి, అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మనవాళ్లకి, కేంద్ర ప్రభుత్వం పెట్టిన మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో సాలార్‌జంగ్ వస్తువులు దొరుకుతాయి. లండన్‌లో ఉంటే బ్రిటిష్ మ్యూజియంలోనే అమరావతి రాళ్లు వందకు పైగా ఉన్నాయి, ఇంకా చాలా చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ నిలబడి మూడో ప్రశ్న అడగండి, పిల్లలు ఏమంటారో వినండి. మన రాజ్యాంగం తయారుచేసిన రాజ్యాంగ సభ చర్చలు కూడా ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు, ఆ సభలో సభ్యురాలైన మన రాజమండ్రి దుర్గాబాయి (దేశ్‌ముఖ్) అందులో ఏం మాట్లాడారో వెతికి ఒక పేజీ చదివించండి.

పల్లెటూరి పిల్లలకి ఇంకొకటి చెప్పాలి. పొలం దున్నుతుంటే పాత నాణేలు, విగ్రహం బయటపడితే కడిగి గుళ్లో పెట్టడమో అమ్మేయడమో కాదు, కదిలించకుండా ఫోటో తీసి తహశీల్దార్ ఆఫీసులో చెప్పాలి. దొరికిన నిధి గురించి కలెక్టర్‌కి తెలియజేయాలని 1878 నాటి చట్టమే ఉంది. ఎక్కడ, ఎంత లోతులో, దేని పక్కన దొరికిందో తెలిస్తేనే దాని కాలం లెక్కకట్టగలరు, ఒక్కసారి కదిలిస్తే ఆ వివరం మళ్లీ రాదు.