ఎర్రర్ చూపని తప్పులు: పవర్ బీఐలోకి మార్కెట్ లెక్కలు ఎక్కించేటప్పుడు

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి అమ్మకాల లెక్కలను సీఎస్వీ ఫైలు (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు) నుంచి, మైక్రోసాఫ్ట్ వారి డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్ అయిన పవర్ బీఐలోకి ఎక్కించినప్పుడు తేదీ కాలమ్‌లో (నిలువు వరుసలో) సగానికి పైగా గళ్లు ‘ఎర్రర్’ అని చూపితే, చాలామంది ముందుగా ఆ వరుసలను తొలగించే మీట నొక్కుతారు. అది తొందరపాటు. ఫైలులో 2024 జూన్ నెల లెక్కలు రోజు, నెల, సంవత్సరం వరుసక్రమంలో ఉండి, పవర్ బీఐలో తేదీలు చదివే ప్రాంతీయ పద్ధతి (లొకేల్) అమెరికా ఇంగ్లిష్‌గా ఉంటే, 13/06/2024 నుంచి 30 వరకు ఎర్రర్లు వస్తాయి, ఎందుకంటే ఆ పద్ధతిలో నెల ముందు వస్తుంది, పదమూడో నెల అంటూ లేదు. అసలు ప్రమాదం ఎర్రర్ రాని పన్నెండు రోజుల్లో ఉంది: జూన్ 5 నాటి సరుకు మే 6కు, జూన్ 12 నాటిది డిసెంబరు 6కు చేరిపోతుంది. సరిగ్గా నిలిచేది జూన్ 6 ఒక్కటే.

కాబట్టి పవర్ బీఐలో డేటాను శుభ్రం చేసే భాగమైన పవర్ క్వెరీలో, కుడివైపున ఉండే దశల జాబితాలో తనంతట తానే చేరిన ‘ఛేంజ్డ్ టైప్’ దశను మొదట తీసివేయాలి. ఆ తర్వాత తేదీ కాలమ్‌పై ‘యూజింగ్ లొకేల్’ ఎంచుకుని, రకం తేదీగానూ, లొకేల్ ఇంగ్లిష్ (ఇండియా)గానూ ఇవ్వాలి. పాత దశను అలాగే ఉంచి దీన్ని కింద చేర్చితే ఫలితం ఉండదు. తారుమారైన తేదీలు అప్పటికే తేదీలుగా మారిపోయి ఉంటాయి. ఎవరైనా ఆ ఫైలును అమెరికా అమరిక ఉన్న ఎక్సెల్‌లో తెరిచి వర్క్‌బుక్‌గా భద్రపరిచి ఉంటే, ఆ కాలమ్‌లో తేదీలుగా మారిపోయినవి గడి కుడి అంచున, టెక్స్ట్‌గా మిగిలినవి ఎడమ అంచున కనిపిస్తాయి. అప్పుడు దాన్ని సరిదిద్దడం కంటే అసలు సీఎస్వీని మళ్లీ తెప్పించుకోవడమే నయం.

బరువుల విషయంలోనూ ఇలాంటి మౌనమే ఉంటుంది. సీఎస్వీ వంటి ఫైళ్లలో పవర్ క్వెరీ మామూలుగా మొదటి 200 వరుసలను చూసి రకాన్ని ఊహిస్తుంది. అంతవరకు బరువులన్నీ నిండు క్వింటాళ్లే అయితే పూర్ణాంకమని నిర్ణయించి, ఆ తర్వాత వచ్చే 12.5ను 12గా, 13.5ను 14గా సర్దేస్తుంది. ఎర్రర్ మాత్రం చూపదు. బరువుకు దశాంశ సంఖ్య రకం ఇవ్వాలి. లాట్ నంబరును టెక్స్ట్‌గానే ఉంచాలి, లేకపోతే 0047 కాస్తా 47 అవుతుంది.

అంకెల కాలమ్‌లో ‘రూ.1850’, ‘50 బస్తాలు’, ఒట్టి గీత వంటివి మాత్రం ఎర్రర్లుగా బయటపడతాయి. కాలమ్ ఇంకా టెక్స్ట్‌గా ఉండగానే ‘రీప్లేస్ వాల్యూస్’తో ‘రూ.’, ‘బస్తాలు’ తీసేసి, గీత స్థానంలో నల్ (ఖాళీ విలువ) పెట్టాలి, సున్నా కాదు. ఒకసారి నేను ధర కాలమ్‌లోని ఎర్రర్లన్నిటికీ సున్నా పెట్టేశాను. సగటు ధర చూసిన మండీ యజమాని, “ఏమప్పా, సరుకు ఊరికే ఇచ్చినామా?” అని అడిగారు.

అన్నీ సరిచేశాక, ‘వ్యూ’లో ‘కాలమ్ క్వాలిటీ’ని తెరవండి. అది మామూలుగా మొదటి 1000 వరుసలనే లెక్కిస్తుంది కనుక, కిటికీ అడుగున ఉన్న ఆ గమనికపై నొక్కి మొత్తం డేటాకు మార్చాలి. ఎర్రర్ల శాతం సున్నా అయినా, నెలవారీ క్వింటాళ్ల మొత్తాన్ని మండీ చిట్టాతో పోల్చండి. జూన్ లెక్కల్లో డిసెంబరు కనిపిస్తే మళ్లీ తేదీ దగ్గరికే వెళ్లాలి.