నల్లరేగడి నేలలో ఇంటి పునాది ఎలా వేయాలి?

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల సైటు కొన్నవాళ్ళు ఎలివేషన్, టైల్స్ గురించి నెలల తరబడి ఆలోచిస్తారు గానీ పునాది దగ్గరకొచ్చేసరికి "పక్కింటాయన అయిదడుగులు తీశాడు, మనమూ అంతే తీద్దాం" అని మేస్త్రి అంటే సరే అనేస్తారు. దయచేసి అలా చేయకండి. పునాది ఎంత లోతు, ఏ రకం అనేది మీ సైటులో మట్టిని బట్టే తేలాలి.

మన దగ్గర విజయవాడలో కృష్ణలంక వైపు ఏటి ఒండ్రు, ఇసుక, నీళ్ళు కూడా పైపైనే పడతాయి, గుణదల కొండవాలులో రాయి తగులుతుంది, గుంటూరు చుట్టూ పత్తీ మిరపా పండిన పొలాలు ప్లాట్లు అయినచోట ఎక్కువగా నల్లరేగడి. అసలు ఇబ్బంది దీంతోనే. వానలకి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, మే నెల వచ్చేసరికి ఎండి బీటలిస్తుంది, ఏటా ఇలా పునాదిని ఎత్తి దించుతుంటే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు వస్తాయి, వాటికి పుట్టీ పెట్టి లాభం లేదు.

అందుకని ముందు సాయిల్ టెస్ట్. నేల ఎంత బరువు మోస్తుందో చెప్పే ఎస్‌బీసీతో పాటు మట్టి ఎంత ఉబ్బుతుందో చెప్పే ఫ్రీ స్వెల్ కూడా చేయమని అడగండి. జల్లించిన ఎండుమట్టి పొడి పది గ్రాములు నీళ్ళున్న జార్లో, ఇంకో పది గ్రాములు కిరోసిన్ ఉన్న జార్లో పోసి 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్లో మట్టి ఉబ్బదు. అందులో 10 గీత దగ్గర, నీళ్ళలో 16 దగ్గర ఉందంటే 60 శాతం ఉబ్బినట్టు. 50 శాతం దాటితే మామూలు ఫుటింగ్‌తో (పిల్లర్ కింద వెడల్పుగా వేసే కాంక్రీట్ దిమ్మ) సరిపెట్టేయకూడదు.

నల్లమట్టి కొద్ది లోతే ఉంటే దాన్ని దాటి కింద గట్టి పొర తగిలేదాకా తీయడమే మంచిది. బాగా లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి దింపే ఒక రకం కాంక్రీట్ స్తంభాలు, వేయించండి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) ఇలాంటి నేలల కోసమే తయారుచేసిన పద్ధతి ఇది, పైల్ అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బు ఉంటుంది, మామూలుగా పైల్ మందానికి రెండున్నర రెట్లు. ఈ మట్టిలో తడి, ఎండ ప్రభావం దాదాపు 3.5 మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి పైల్ అంతకంటే కిందకి దిగాలి. పైన వేసే బీమ్ కింద కనీసం 8 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి, లేకపోతే మట్టి ఉబ్బి బీమ్‌నే ఎత్తేస్తుంది. డిజైన్ మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీర్‌తోనే చేయించండి, 2016 నాటి భూకంపాల మ్యాప్ ప్రకారం విజయవాడ జోన్ 3లో (ఓ మోస్తరు ప్రమాదం) ఉందని కూడా మర్చిపోవద్దు.

పని మొదలయ్యాక ముగ్గుతో మార్కింగ్ వేసి మూల నుంచి ఎదురు మూలకి ఏటవాలుగా టేపు పెట్టి కొలవండి, రెండు కొలతలూ సమానంగా రావాలి. గుంటలు తీసి రోజుల తరబడి వదిలేయకండి, వాన పడితే అడుగున బురదంతా ఎత్తేశాకే బెడ్ (గుంట అడుగున పరిచే కాంక్రీట్ పొర) వేయాలి, పొరపాటున ఎక్కువ లోతు తీస్తే మట్టితో పూడ్చకుండా కాంక్రీటే పోయాలి. బెడ్ 1:4:8తో (సిమెంట్, ఇసుక, కంకర పాళ్ళు) నాలుగంగుళాలు. దాని మీద ఇనుప జాలీ పెట్టేటప్పుడు ఇనుము బెడ్‌కి తగలకుండా ఎత్తి ఉంచే 50 ఎంఎం కవర్ బ్లాకులు ఉన్నాయా లేదా మీరే వంగి చూడండి, చాలాచోట్ల కంకర రాళ్ళు పెట్టేస్తుంటారు. కాంక్రీట్ బలం ఎం20 గ్రేడుకి తగ్గకూడదు. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంట్ అయితే కనీసం పది రోజులు తడపాలి, ఎండాకాలం అయితే పద్నాలుగు.

తవ్విన నల్లమట్టినే మళ్ళీ గుంటల్లో, బేస్‌మట్టంలో నింపేస్తే ఇంత చేసిందీ వేస్టే, గది ఫ్లోరింగ్ లేచిపోతుంది. గ్రావెల్ తోలించి ఆరంగుళాల చొప్పున పొరలుగా వేసి, నీళ్ళు పెట్టి, దిమ్మిస కొట్టించండి.

బేస్‌మట్టం ఎత్తు దగ్గర పిసినారితనం వద్దు. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ఎలా మునిగిందో చూశాం కదా, మీ వీధిలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో పాతవాళ్ళని అడిగి, రోడ్డు మళ్ళీ మళ్ళీ వేస్తే ఎత్తు పెరుగుతుందని కూడా లెక్కేసుకోండి. ఇంటి చుట్టూ బయటికి వాలుగా సిమెంట్ గచ్చు చేయించి, డాబా మీది వాన నీళ్ళ పైపులు గోడ పక్కనే వదలకుండా దూరంగా కాలువలోకి కలపండి, ఇంకుడుగుంత, పెద్ద చెట్లు కూడా పునాదికి దూరంగానే.