సూపర్‌నోవా డేటాతో విశ్వ విస్తరణ రేటు మీరే లెక్కగట్టాలంటే

అమీర్‌పేట మేడమీద నిలబడితే కనిపించేది నాలుగు చుక్కలు, వానాకాలంలో అవీ ఉండవు. ఈ లెక్కకు ఆకాశంతో పనిలేదు, రంగాపూర్‌లోని ఉస్మానియా 48 అంగుళాల టెలిస్కోప్‌తోనూ పనిలేదు. ల్యాప్‌టాప్, స్ప్రెడ్‌షీట్, 2022 నాటి పాంథియాన్ ప్లస్ అనే సూపర్‌నోవా కొలతల డేటా ఫైలు చాలు. ఫైలు గిట్‌హబ్‌లో ఉచితం. అందులో 1550 టైప్ వన్-ఏ సూపర్‌నోవాలకు (దాదాపు ఒకే అసలు ప్రకాశంతో పేలే చుక్కలివి) 1701 వరుసలుంటాయి. కొన్నిటిని ఒకటికి మించిన సర్వేలు కొలిచాయి మరి.

ఫైలు తెరిచేటప్పుడు కాలమ్‌లు విడదీయడానికి కామా కాదు, స్పేస్ ఎంచుకోండి. విస్తరణ వల్ల కాంతి ఎరుపువైపు ఎంత జరిగిందో చెప్పే రెడ్‌షిఫ్ట్ కాలమ్‌లు మూడుంటాయి. పేరు చివర 'హెచ్‌డీ' ఉన్నదే మనకు కావాలి, గెలాక్సీల సొంత కదలికలకు సవరణ చేసింది అందులోనే. కనిపించే ప్రకాశానికి 'ఎం-బి-కార్' (m_b_corr) తీసుకోండి. అది మాగ్నిట్యూడ్‌లలో ఉంటుంది, అంకె పెరిగితే మసక. పక్కనే సిద్ధంగా ఉన్న దూరపు అంకె 'మ్యూ' జోలికి పోవద్దు: మనం తేల్చాల్సిన అసలు ప్రకాశాన్ని అందులో ముందే కలిపేశారు.

మొదట ఆ అసలు ప్రకాశం. క్యాలిబ్రేటర్ కాలమ్‌లో 1 ఉన్న వరుసల్ని ఫిల్టర్ చేస్తే 77 వస్తాయి. ఇవి సెఫీడ్ చుక్కలతో (మినుకు వ్యవధిని బట్టి అసలు ప్రకాశం తెలిసేవి) దూరం తెలిసిన గెలాక్సీల్లో పేలినవి. ప్రతి వరుసలో ఎం-బి-కార్ నుంచి సెఫీడ్ దూరపు అంకె తీసేసి సగటు కడితే −19.25 దగ్గర తేలుతుంది. ఫిల్టర్ మరిచిపోతే జవాబు అడ్డదిడ్డంగా వస్తుంది, మిగతా వరుసల్లో ఆ గడిలో −9 ఉంటుంది కాబట్టి. అది దూరం కాదు, 'కొలత లేదు' అనే గుర్తు.

ఇప్పుడు రేటు. రెడ్‌షిఫ్ట్ 0.023 నుంచి 0.15 వరకే ఉంచండి. అంతకన్నా దగ్గరివి ఎందుకు వద్దంటే, గెలాక్సీల సొంత వేగం సెకనుకు 300 కిలోమీటర్లు ఉండటం మామూలే, రెడ్‌షిఫ్ట్ 0.005 దగ్గర అదే 20 శాతం తప్పు. ఒక వరుస చేసి చూద్దాం: రెడ్‌షిఫ్ట్ 0.05, ప్రకాశం 17.40 అనుకోండి. 17.40లోంచి −19.25 తీసేస్తే 36.65. అందులోంచి 25 తీసేసి 5తో భాగిస్తే 2.33. పదికి 2.33 ఘాతం 213.8, అదే మెగాపార్సెక్‌లలో (ఒక్కోటి దాదాపు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు) దూరం. వేగానికి కాంతి వేగం 2,99,792ను (సెకనుకు కిలోమీటర్లు) 0.05తో, ఆపైన విస్తరణ రేటు కాలంతో మారడానికి సవరణగా (1 + 0.775 × 0.05)తో గుణిస్తే 15,570. దూరంతో భాగిస్తే 72.8, అంటే ప్రతి మెగాపార్సెక్ దూరానికి సెకనుకు అన్ని కిలోమీటర్లు. జవాబు 0.0007 వచ్చిందంటే 25 తీసేయడం మరిచారు.

అన్ని వరుసలకూ చేసి లాగ్‌ల సగటు తీయండి, నేరుగా రేట్ల సగటు కాదు. చెదురు ఉన్నది మాగ్నిట్యూడ్‌లలో గనుక. 73కి అటూఇటూగా తేలాలి. ఇదే పద్ధతిని ఎంతో జాగ్రత్తగా చేసిన షూస్ (SH0ES) అనే శాస్త్రవేత్తల బృందం 2022లో ఇచ్చినది 73.04, పొరపాటు 1.04. ఇప్పుడు −19.25 గడిని −19.43 చేసి చూడండి. రేటు 67 దాకా దిగుతుంది, తొలి విశ్వపు కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం చెప్పే 67.4 పక్కకే. ఈ రెండు అంకెలూ ఎందుకు కలవవన్న ఇన్నేళ్ళ గొడవంతా ఆ ఒక్క గడిలోనే ఉంది.

విస్తరణను వేగవంతం చేస్తోందనుకునే డార్క్ ఎనర్జీకి మాత్రం ఆ గడితో సంబంధం లేదు. అక్కడ చూడాల్సింది రెడ్‌షిఫ్ట్, ప్రకాశం గ్రాఫ్‌లో దూరపు సూపర్‌నోవాలు గీసే వంపు. పదార్థం మాత్రమే ఉన్న విశ్వంలో కన్నా, 33 శాతం పదార్థం, మిగతాది డార్క్ ఎనర్జీ అయిన విశ్వంలో రెడ్‌షిఫ్ట్ 0.5 దగ్గరి సూపర్‌నోవా 0.38 మాగ్నిట్యూడ్ మసకగా కనిపించాలి. డేటా పడేది రెండో గీత మీదే. అసలు ప్రకాశం మార్చితే రెండు గీతలూ కలిసి పైకో కిందికో జరుగుతాయి తప్ప వంపు మారదు.

పొరపాటు అంచనాకి కోవేరియన్స్ ఫైలు తప్పనిసరి, ఏ రెండు వరుసల పొరపాట్లు ఎంత ముడిపడి ఉన్నాయో చెప్పేది అదే. ఒకే సూపర్‌నోవా రెండు మూడు వరుసల్లో ఉంటే వాటిని విడివిడి కొలతలుగా లెక్కపెట్టకూడదు కదా. దాన్ని ఎక్సెల్‌లో తెరవకండి: 28,93,401 అంకెలు ఒకే కాలమ్‌లో ఉంటాయి, ఎక్సెల్ 10,48,576 వరుసల దగ్గరే ఆగిపోతుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో చదవండి. మొదటి లైన్లోని 1701 మ్యాట్రిక్స్ పరిమాణం మాత్రమే. దాన్ని తీసేశాకే 1701 × 1701గా మార్చాలి, లేదంటే ఒక అంకె ఎక్కువై లెక్క కుదరదు. పైథాన్‌లో ఉత్త లాగ్ అంటే సహజ లాగ్, అక్కడ లాగ్10 అనే రాయండి.