మద్రాసు పటాలంలో చేసిన ముత్తాత జాడ తీయాలంటే

"మా ముత్తాత మిలట్రీలో చేశాడట" అన్న ఒక్క మాట పట్టుకుని ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్తే ఉత్త చేతులతో తిరిగి రావాల్సి వస్తుంది. అక్కడి పాత మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు శాఖ, సంవత్సరం, జీవో నంబరు వరసలో ఉంటాయి గాని మనుషుల పేర్ల వరసలో ఉండవు. ముందు మూడు సంగతులు తేల్చుకోండి: ఏ పటాలం, ఆయన నంబరెంత, ఏయే సంవత్సరాల్లో చేశాడు. చాలా ఇళ్లలో ఈ మూడూ ట్రంకుపెట్టె అడుగునే ఉంటాయి.

పతకం దొరికితే రాజు బొమ్మ కాదు, అంచు చూడండి. ఒకవైపు అయిదో జార్జి, రెండోవైపు గుర్రం మీద మనిషి, 1914, 1918 అంకెలు ఉంటే అది మొదటి ప్రపంచయుద్ధపు పతకం. దాని అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం పేరు సన్నటి అక్షరాల్లో కొట్టి ఉంటాయి. పొద్దుటి ఎండలో ఏటవాలుగా పట్టుకుని భూతద్దంతో నెమ్మదిగా తిప్పుతూ చదవండి. 'సెప్' అంటే సిపాయి, 'హవ్' అంటే హవల్దారు, 'జెమ్' అంటే జమాదారు. మెరుపు కోసం చింతపండు పెట్టి తోమకండి. ఆ అక్షరాలు లోతైనవి కావు, అరిగిపోతే వంద కాగితాలు వెతికినా ఆ నంబరు మళ్లీ దొరక్కపోవచ్చు. అదే పతకం వెండిది కాక కంచుదైతే ఆయన లేబర్ కోర్ లాంటి దళంలో పనివాడిగా వెళ్లి ఉంటాడు. రెండో యుద్ధంలో బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండానే పతకాలిచ్చారు గాని మనవాళ్లవాటి మీద పేరు, నంబరు కొట్టారు, కాబట్టి బర్మాలో పోరాడినవారికిచ్చిన నక్షత్రపు పతకం బర్మా స్టార్‌ను కూడా తిరగేసి చూడండి. సుమారు 12 సెంటీమీటర్ల గుండ్రటి కంచు ఫలకం ఉంటే ఆయన మొదటి యుద్ధంలో చనిపోయినట్టే. దానిమీద పేరు ఒక్కటే ఉంటుంది. హోదా, దళం ఉండవు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 1903లో మద్రాసు పదాతి దళాల నంబర్లకు 60 కలిపారు: 13వ మద్రాసు ఇన్‌ఫంట్రీ 73వ కర్ణాటిక్ ఇన్‌ఫంట్రీ అయింది. 1922లో మళ్లీ నంబర్లు మారాయి. ఒకే మనిషి కాగితాల్లో రెండు నంబర్లు కనబడితే పటాలం మారాడనుకోకండి, ముందు ఈ లెక్క సరిచూడండి. 1857లో పుట్టిన మద్రాస్ వాలంటీర్ గార్డ్స్ దాదాపుగా యూరోపియన్లది, ఆంగ్లో ఇండియన్లది. తెలుగువాళ్ల కోసం దాంట్లో వెతకడం దండగ. 1920 తర్వాత పార్ట్‌టైమ్‌గా కవాతు చేసినవారైతే ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్ చూడాలి.

యుద్ధకాలంలో చనిపోయి ఉంటే పని తేలిక. యుద్ధాల్లో పోయినవారి సమాధులు, పేర్ల రికార్డులు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లో ఉచితంగా వెతకొచ్చు. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా పోయినవారే అందులో ఉంటారు. మనవాళ్ల పేరు మొత్తం సర్‌నేమ్ గడిలోనే ఎక్కించి ఉంటుంది, ఇంటిపేరు సాధారణంగా ఉండదు. కాబట్టి ముందుపేరు గడి ఖాళీగా వదిలేయండి. అప్పలస్వామి 'అపలసామి' అయి ఉంటాడు, ఎర్రయ్య 'యెరయ్య' అయి ఉంటాడు. ఒత్తులు తీసేసి, 'స్వా'ను 'సా' చేసి, అన్ని రకాలుగా కొట్టి చూడండి. అప్పటికీ దొరక్కపోతే అదనపు సమాచారం గడిలో జిల్లా పేరో ఊరి పేరో పాత ఇంగ్లీషు స్పెల్లింగులో ఇవ్వండి: విజగపటం (Vizagapatam), కిస్ట్నా (Kistna), కోకనాడ (Cocanada), ఎల్లోర్ (Ellore). "ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు" అన్న వివరం చాలామంది పేర్ల పక్కన ఉంది. మనిషిని గుర్తుపట్టడానికి అదే ఆధారం, ఎందుకంటే వెంకటస్వాములు ఎందరో ఉంటారు.

హిందూ సైనికులను వీలైనచోట దహనం చేశారు, కాబట్టి చాలామందికి సమాధి ఉండదు, స్మారకం మీద పేరుంటుంది. ఫ్రాన్స్‌లో పోయినవారికి నవ్ షాపెల్, బర్మాలో పోయినవారికి తౌక్యాన్‌లోని రంగూన్ మెమోరియల్ చూడండి. మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) పోయినవారికి బాస్రా. అక్కడి ఫలకాల మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలను దళానికి ఇంతమందని అంకెతో సరిపెట్టారు. ఆ సిపాయిల పేర్ల కోసం కమిషన్ రికార్డులే చూడాలి. ఇది మనసుకు కష్టమనిపించే విషయం. ఫలకం ఫొటోలో పేరు లేదని మాత్రం ఆశ వదులుకోకండి.

చెన్నైలో చూడాల్సింది నందంబాక్కంలో మౌంట్–పూనమల్లి రోడ్డు మీది మద్రాస్ వార్ సెమెటరీ. రెండో యుద్ధానికి చెందిన 850 పైచిలుకు సమాధులున్నాయి. దక్షిణ, తూర్పు ప్రాంతాల్లోని ఊళ్ల శ్మశానాల్లో కాపాడలేమనుకున్న సమాధులను ఇక్కడికి తరలించారు. అందుకని చనిపోయిన ఊరు ఒకటి, సమాధి ఉన్న ఊరు మరొకటి కావచ్చు. వెబ్‌సైట్లో ఆ వ్యక్తి పేజీ కింద కాన్సెంట్రేషన్ రిపోర్టు అనే స్కాన్ కాగితం ఉంటే మొదట ఎక్కడ పూడ్చారో తెలుస్తుంది. ప్లాటు, వరస, సమాధి నంబరు రాసుకుని వెళ్లండి. వెనకవైపున్న 1914–1918 స్మారకం మీద వెయ్యికి పైగా పేర్లున్నాయి. అవి ఇక్కడ పూడ్చినవారివి కావు, దేశంలో వేర్వేరు శ్మశానాల్లో ఉండిపోయినవారివి.

బతికి వచ్చి పింఛను తీసుకున్నవారి విషయంలో ఓపిక కావాలి. డిశ్చార్జి పుస్తకంలోనో పింఛను కాగితంలోనో ఉన్న నంబరు రాసి, మద్రాస్ రెజిమెంటయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌ రికార్డ్ ఆఫీసుకు, మద్రాస్ సాపర్లయితే (ఇంజనీరింగ్ దళం) బెంగళూరుకు అర్జీ పెట్టండి. ఆర్టీఐ కింద అయితే 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. బంధుత్వం తెలిపే కాగితం జతచేయండి. అంతకు ముందుతరం మద్రాసు సైన్యం కాగితాలు చాలావరకు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో ఉన్నాయి.

సొంత ఊళ్లో బడి గోడకో చావడికో బిగించిన పాలరాతి పలక ఉందేమో అడగండి. "ఈ గ్రామం నుంచి మహాయుద్ధానికి ఇంతమంది వెళ్లారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు" అని ఇంగ్లీషులో ఉంటుంది. పేర్లుండవు గాని ఆ ఊరివారిలో మీకు దొరికిన పేర్ల లెక్క సరిపోతుందో లేదో ఆ అంకె చెబుతుంది. కమిషన్ రికార్డులో పేరో, తండ్రి పేరో తప్పుపడితే పతకం అంచు ఫొటో, పింఛను కాగితం నకలు జతచేసి సవరణకు రాయండి. ఆధారం ఉంటే వాళ్లు దిద్దుతారు.