ఔట్‌బ్యాక్‌లో కారు అద్దం పగిలితే: బయల్దేరే ముందే చూసుకోవాల్సినవి

ఆస్ట్రేలియాలో జనం పలచగా ఉండే మారుమూల ప్రాంతమైన ఔట్‌బ్యాక్‌లో, గిబ్ రివర్ రోడ్డు, ఊడ్నదత్త ట్రాక్ లాంటి కంకర దారుల్లో ఎదురొచ్చే బండి లేపిన ఒక్క రాయి చాలు. దగ్గర్లో మెకానిక్ ఉండడు, చాలాచోట్ల ఫోన్ సిగ్నలూ ఉండదు.

• ఇవి బండిలో పెట్టుకోండి: మందపాటి గ్లవ్స్, కళ్లకు రక్షణ అద్దాలు, చిన్న చీపురు, పారదర్శక ప్లాస్టిక్ షీటు, వెడల్పాటి టేపు.

• అద్దె బండైతే ఒప్పందం చదవండి. మట్టి రోడ్ల మీద పగిలిన అద్దానికి బీమా వర్తించదనే షరతు ఉండొచ్చు.

• ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి వెంటనే రాలిపోదు. చిన్న గాటు పడగానే పైన టేపు అంటించి దుమ్ము, తేమ చేరకుండా చూడండి. ఎండకు కాలిన అద్దం మీదికి ఏసీ గాలి నేరుగా వదలొద్దు, పగులు సాగుతుంది.

• పక్క అద్దం శనగల్లా ముక్కలై రాలుతుంది. పిల్లల సీటు మడతలు, బెల్టు బకిల్ సందులు వేళ్లతో కాదు, చీపురుతో శుభ్రం చేయండి. ఖాళీకి షీటు కప్పి టేపు వేసేముందు తలుపు రేకు తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఎర్రదుమ్ము మీద ఏ టేపూ నిలవదు.

• నాకు అన్నిటికన్నా భయం వెనక అద్దమే. బండి కదులుతుంటే దుమ్ముతోపాటు సైలెన్సర్ పొగ కూడా లోపలికి లాక్కుంటుంది. షీటు గట్టిగా బిగించి, కిటికీలు మూసి, ఫ్యాన్‌ను బయటి గాలి తీసుకునేలా పెట్టి జోరుగా తిప్పండి. ఎవరికైనా తలనొప్పి మొదలైతే వెంటనే ఆపి, అందరూ దిగండి.

• 53.5 మీటర్ల దాకా పొడవుండే రోడ్ ట్రెయిన్ (వెనక చాలా ట్రైలర్లు తగిలించిన లారీ) ఎదురొస్తే ఎడమకు జరిగి ఆగిపోండి.