పార్టీకి పైసలు ఎవరిచ్చారో కాగితాల్లో పట్టుకోవడం ఎలా

హనుమకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ ఎవరిని అడిగినా ఫలానా పార్టీకి ఫలానా కంపెనీయే పైసలు పెట్టిందని గట్టిగా చెప్తారు, ఎక్కడ చూశావంటే మాత్రం ముచ్చట మారిపోతుంది. ఇందులో చాలావరకు కాగితం మీద ఉంది, ఫోనులోనే చూడొచ్చు. కాకపోతే ఒక్క కాగితంతో పని కాదు, రెండు మూడు పక్కపక్కన పెట్టుకుంటేనే అసలు పేరు బయటికొస్తుంది.

ముందు పార్టీ ఇచ్చే లిస్టు. ఏడాదిలో ఒకరి దగ్గర 20,000 రూపాయలకు మించి తీసుకుంటే ఆ పేరు, అడ్రసు, ఎంత, ఎట్లా ఇచ్చారన్నది పార్టీ ఫారం 24ఏ లో రాసి ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. ఎన్నికల సంఘం సైటులో కాంట్రిబ్యూషన్ రిపోర్టులని వెతికితే పార్టీల వారీగా, సంవత్సరాల వారీగా దొరుకుతాయి. ఈ సంవత్సరం దగ్గరే చాలామంది పొరపడతారు. 2023 నవంబర్ 30న మనం ఓటేసిన అసెంబ్లీ ఎన్నికలకు 2023-24 రిపోర్టు చూడాలి. 2024 మే 13 లోక్‌సభ పోలింగ్ మాత్రం 2024-25లో పడుతుంది, కానీ దాని కోసం మార్చి 31 లోపు వచ్చిన చందా ముందటి ఏడాది రిపోర్టులోనే ఉంటుంది. అందుకే రెండేళ్లవీ డౌన్‌లోడ్ చేసుకోండి. 20,000 లోపు ఇచ్చినవాళ్ల పేర్లు ఇందులో ఉండనక్కర్లేదు, అక్కడ దారి మూసుకుపోతుంది.

లిస్టు తెరవగానే పెద్ద మొత్తాల పక్కన కంపెనీ పేరు కాకుండా ప్రూడెంట్ లాంటి ఎలక్టోరల్ ట్రస్టు పేరు కనిపిస్తే అక్కడ ఆగిపోవద్దు. ట్రస్టు సొంతంగా సంపాదించేదేమీ లేదు. 2013లో వచ్చిన పథకం ప్రకారం కంపెనీల దగ్గర, మనుషుల దగ్గర వసూలు చేసి, ఆ ఏడాది వచ్చిన దాంట్లో 95 శాతం పార్టీలకు పంచేయాలి, నగదు తీసుకోకూడదు. ట్రస్టు రిపోర్టు కూడా అదే సైటులో ఉంటుంది. అందులో ఎవరు ఏ తేదీన ఎంత ఇచ్చారు, ట్రస్టు ఏ పార్టీకి ఎప్పుడు ఎంత పంపింది అన్నవి విడివిడిగా ఉంటాయి. ఏ కంపెనీ డబ్బు ఏ పార్టీకి పోయిందో నేరుగా రాయరు. తేదీలు, మొత్తాలు పక్కపక్కన రాసుకుంటే, ఒక కంపెనీ పెద్ద మొత్తం ఇచ్చిన రెండు మూడు రోజులకే ట్రస్టు ఒక పార్టీకి అంతే మొత్తం పంపినట్టు తేలొచ్చు. అది ఆధారం కిందికి రాదు, అనుమానం మాత్రమే. రాసేటప్పుడు ఆ తేడా తప్పకుండా చెప్పాలి, లేకపోతే మనం కూడా చౌరస్తా ముచ్చటే చెప్పినట్టు.

ఎలక్టోరల్ బాండ్ల కథ వేరు. ఇవి ఇచ్చినవాళ్ల పేరు బయటపడకుండా పార్టీకి చందా ఇవ్వడానికి స్టేట్ బ్యాంకు అమ్మిన పత్రాలు. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న వాటిని కొట్టేసింది, ఆ తర్వాత మార్చిలో ఎన్నికల సంఘం సైటులో రెండు లిస్టులు వచ్చాయి, కొన్నవాళ్లది ఒకటి, వాటిని డబ్బుగా మార్చుకున్న పార్టీలది ఒకటి. మార్చి 21న పెట్టిన లిస్టులే తీసుకోండి, వాటిలో ప్రతి బాండుకూ నంబరు ఉంది. రెండింటిలో నంబరు కలిస్తే ఎవరు ఎవరికి ఇచ్చారో ఇంక వాదన లేదు. పేరుతో వెతికేటప్పుడు మాత్రం జాగ్రత్త. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ పేరు మీద 966 కోట్ల బాండ్లు కనిపిస్తాయి, దానికి అనుబంధమైన వెస్ట్రన్ యూపీ పవర్ ట్రాన్స్‌మిషన్ కొన్న 220 కోట్లు వేరే పేరు మీద ఉన్నాయి కాబట్టి ఆ వెతుకులాటలో తగలవు. అందుకని కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో డైరెక్టర్ల పేర్లు, రిజిస్టర్డ్ అడ్రసు చూసుకుని, అదే డైరెక్టరు ఉన్న మిగతా కంపెనీలను కూడా వెతకాలి. చట్టం ప్రకారం చందా ఇవ్వడం తప్పేమీ కాదని కూడా గుర్తుంచుకోండి.

ఇక మన నియోజకవర్గం. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వాలి. ఆ లెక్క జిల్లా ఎన్నికల అధికారి, అంటే కలెక్టర్ దగ్గరకు వెళ్తుంది. వరంగల్ పశ్చిమ అయితే హనుమకొండ కలెక్టరేట్, తూర్పు అయితే వరంగల్ కలెక్టరేట్, తప్పు ఆఫీసుకు పోయి పొద్దంతా పోగొట్టుకోకండి. ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం ఒక్క రూపాయి ఫీజు కట్టి ఎవరైనా ఆ లెక్క చూడొచ్చు, ఫీజు కడితే ధ్రువీకరించిన కాపీ కూడా ఇవ్వాలి. కౌంటర్‌లో తెలియదంటే 88వ నియమం అని రాసిన దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి.

కాపీ చేతికొచ్చాక వాల్‌పోస్టర్ల ఖర్చు, బండ్ల డీజిలు తర్వాత చూడొచ్చు, ముందు 7, 8, 9 షెడ్యూళ్లు తీయండి: సొంత డబ్బు, పార్టీ ఇచ్చింది, బయటివాళ్లు ఇచ్చింది. పార్టీ కూడా అసెంబ్లీ ఎన్నికలైన 75 రోజుల్లో, లోక్‌సభ అయితే 90 రోజుల్లో తన ఖర్చు లెక్క ఎన్నికల సంఘానికి ఇస్తుంది, ఏ అభ్యర్థికి ఎంత పంపిందో అందులో రాస్తుంది. అభ్యర్థి 8వ షెడ్యూల్‌లో రాసిన అంకె, పార్టీ రాసిన అంకె ఒకటి కాకపోతే రెండు పేజీలూ జతచేసి జిల్లా ఎన్నికల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.