ఫ్రీలాన్సర్లకు జీఎస్టీ: నమోదు ఎప్పుడు, లెక్క ఎలా

మొదట ఆర్థిక సంవత్సరంలోని మొత్తం టర్నోవరు చూసుకోవాలి. సేవలు అందించేవారికి ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను నమోదు పరిమితి 20 లక్షల రూపాయలు. చాలామంది తడబడేది ఇక్కడే. విజయవాడలోని ఒక వెబ్ డిజైనర్‌కు హైదరాబాదు కంపెనీ నుంచి 14 లక్షలు, అమెరికా క్లయింటు నుంచి 8 లక్షలు వచ్చాయనుకుందాం. ఎగుమతిపై పన్ను పడకపోయినా ఆ మొత్తమూ టర్నోవరులో కలుస్తుంది కనుక, 22 లక్షలతో పరిమితి దాటినట్టే; దాటిన 30 రోజుల్లోగా జీఎస్టీ పోర్టల్‌లో నమోదుకు దరఖాస్తు చేయాలి.

నమోదయ్యాక హైదరాబాదు ఇన్వాయిస్‌పై, రాష్ట్రం మారుతోంది కాబట్టి, 18 శాతం ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య లావాదేవీలపై పడే జీఎస్టీ) వేయాలి. విజయవాడ క్లయింటైతే సీజీఎస్టీ (కేంద్రం వాటా) 9, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 9 శాతం. ఒప్పందంలోనే ‘పన్ను అదనం’ అని రాయించుకోవడం మేలు, లేకుంటే ఆ భారం మన ఫీజులోంచే పోతుంది. అమెరికా ఇన్వాయిస్‌కు ముందుగా పన్ను కట్టకుండా ఉండాలంటే ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ అనే హామీ పత్రాన్ని ఏటా కొత్తగా దాఖలు చేయాలి. పని కోసం కొన్న ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్‌లపై కట్టిన పన్నును, మనం కట్టాల్సిన జీఎస్టీలో ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా సర్దుకోవచ్చు, అయితే బిల్లుపై మన జీఎస్టీ నంబరు ఉండాలి. ఆదాయం లేని కాలానికీ జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 3బీ (పన్ను లెక్కల సారాంశం) నిల్ రిటర్నులు వేయాల్సిందే. మానేస్తే ఆలస్య రుసుము పడుతుంది.